టెంట్ హౌస్ పరుపులు

మచ్చ బొల్లారంలో మా వీధిలో నన్ను దుప్పట్ల సరళ అంటారు. ఎదుట అనరు. కింది వాటాలో ఉండే రోజారాణి ఎవరికో ఫోనులో మా ఇంటి గుర్తు చెబుతూ, డాబా మీద చెద్దర్లన్నీ గుడారం లెక్క కనిపిస్తయి, గదే ఇల్లు, అంటుంటే విన్నాను. గుర్తుగా బాగానే ఉంది. కొరియర్ వాళ్ళు తప్పిపోకుండా వస్తున్నారు.

మా ఇంట్లో రోజూ అన్ని మంచాల మీదా దుప్పట్లు మారతాయి. తలకింది మెత్తల గలేబులు మారతాయి. మా అమ్మాయి ఇంకా లేవకముందే దాని కింది దుప్పటి లాగేస్తాను. అది నిద్రలోనే అటు దొర్లి సహకరిస్తుంది. మా ఆయన మహేందర్‌ది జీడిమెట్లలో షిఫ్టు డ్యూటీ. నాకు శుభ్రం జబ్బేదో పట్టుకుందని అతని నమ్మకం. దాని మీద ఫోనులో నాలుగు వీడియోలు కూడా చూశాడు. ఒకసారి డాక్టరుకు చూపించుకుందామా అన్నాడు. చూపించుకుందాం, దుప్పట్లు ఆరనీ, అన్నాను.

నిజానికి ఉతకాల్సిన దుప్పటి ఒక్కటే. అది మా అత్తమ్మ సాలమ్మది. కాని డాబా మీద రోజూ ఒకే దుప్పటి, దాని పక్కన ఒకే బొంత ఆరుతుంటే వీధికి విషయం తెలియడానికి ఎంతోసేపు పట్టదు. చంటిపిల్లలు లేని ఇంట్లో రోజూ తడుస్తున్న పక్క ఎవరిదో తేల్చడానికి డిగ్రీ అక్కర్లేదు. నాకు డిగ్రీ ఉంది గనుక, అన్ని దుప్పట్లూ ఆరేస్తే లెక్క తప్పుతుందని తోచింది. నా బీకాం ఆ మాత్రం పనికొచ్చింది.

పక్కల విషయంలో అత్తమ్మ మొదటి నుంచీ పట్టింపు మనిషి. పొద్దెక్కేదాకా పక్క పరిచి ఉండకూడదు. ఆదివారం మంచాలు గోడకు నిలబెట్టాలి. అమావాస్యకు ముందు బొంతలు ఉతకాలి. పరుపు ఎండలో వేస్తే మిట్టమధ్యాహ్నం తిరగేయాలి, పొద్దు వాలకముందే లోపలికి తేవాలి, తెచ్చాక దాని వేడి దిగేదాకా ఎవరూ పడుకోకూడదు. మెత్త మీద కూర్చుంటే కురుపులు లేస్తాయి. పెళ్ళయిన కొత్తలో ఇవన్నీ వినీ వినీ ఒకరోజు తలుపేసుకుని ఆమె మెత్త మీదే కాసేపు కూర్చుని చూశాను. ఏమీ లేవలేదు. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు.

రెండేళ్ళ కిందట ఒకరోజు పొద్దున ఆమె గదిలోకి వెళ్ళేసరికి మంచం పక్కన నిలబడి ఉంది. దుప్పటి నడుమ తడి. చెంబు ఒలికింది అంది. గదిలో చెంబు లేదు. లేదని నేను చూశాను. నేను చూడటం ఆమె చూసింది. నేను వంటింట్లోకి పోయి చెంబు తెచ్చి, మంచం పక్కన పెట్టి, ఇంత దగ్గర పెట్టుకుంటే ఒలకదా మరి, అన్నాను. ఆ తర్వాత ఆ విషయం మీద మా ఇద్దరి మధ్య మాటలు జరగలేదు. రాత్రి నేను నీళ్ళు నింపి పెడతాను, పొద్దున ఆమె బోర్లించి ఉంచుతుంది. పనిమనిషి లేదు గనుక సాక్షులు లేరు. దుప్పటి కింద ఒక రబ్బరు షీటు వేస్తాను, ఆమె బాత్రూములో ఉన్నప్పుడు. ఆమె వచ్చి దాని మీద పడుకుంటుంది, అది అక్కడ లేనట్టుగా.

పెద్దవాళ్ళు వేసుకునే డైపర్ల ప్యాకెట్ ఒకటి తెచ్చి ఆమె చీరల కింద పెట్టాను. మర్నాటికి అది నా చీరల కింద ఉంది. ఆస్పత్రికి పోదామని బయల్దేరదీస్తే, డాక్టరుకు మోకాళ్ళు చూపించి వచ్చేసింది.

ఆమె భయమేమిటో నాకు తెలుసు. ఇదంతా మొదలుకాకముందే ఎప్పుడో, ఏదో మాటల్లో, ఆమే చెప్పింది. రావల్కోల్‌లో వాళ్ళమ్మ ముసలితనంలో ఇట్లాగే పక్క తడుపుతుంటే మంచాన్ని గొడ్ల కొట్టంలోకి మార్చారట. కింద గోనెసంచులు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. వేళకు తిండి పెట్టారు, మందులిచ్చారు. కూతుళ్ళు వచ్చినప్పుడు వాకిట్లో నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బాగున్నవా అమ్మా అని అడిగి పోయేవాళ్ళు. ఆ కూతుళ్ళలో అత్తమ్మ పెద్దది.

"మూడేండ్లు బతికింది బిడ్డా. పక్కన కూసోని ఒక్కలు మాట్లాడలే."

అందుకే కొడుక్కి కూడా తెలియనివ్వలేదు. తెలిస్తే మహేందర్ ఏమీ అనడు. కాని మరుసటి రోజు నుంచి ఆమె గది ముందు అతని నడక మారుతుంది. ఆమె భయపడేది దానికే.

రెండేళ్ళలో నాకు జాలి అయిపోయింది, విసుగూ అయిపోయింది. సబ్బు ఒక్కటే మిగిలింది. నానబెట్టడం, పిండటం, ఆరేయడం. చేతులు చేసుకుపోతాయి, నేను వాటి వెనక ఎక్కడో ఉంటాను.

ఇట్లా ఉండగా అత్తమ్మ తమ్ముడు, నాకు చిన్నాయన వరసయ్యే నర్సయ్య చనిపోయాడు. పక్షవాతం వచ్చి రెండేళ్ళుగా మంచంలోనే ఉన్న మనిషి. కబురు రాగానే రావల్కోల్ వెళ్ళాం. అందరూ ఏడుస్తున్నారు. అత్తమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. నాకు రాలేదు. చిన్నాయన మంచివాడే, నేనంటే ఇష్టమే. అయినా నేను చూసింది ఆయన కింద పరిచిన చెద్దరును. తెల్లటిది, ఉతికింది, నాలుగు మూలలూ బిగించి దోపి ఉంది. తలాపున ఆయన భార్య అండాలు కూర్చుని ఉంది. నాకు చిన్నమ్మ వరస. ఆమె కూడా ఏడవడం లేదు. మధ్యమధ్య చెయ్యి చాపి చెద్దరు ముడత సర్దుతోంది. ఎవరో ఆమెను పట్టుకుని ఏడిపించడానికి చూశారు. ఆమె వాళ్ళ వైపు ఓపికగా చూసి, మళ్ళీ ముడత సర్దింది. ఆ సాయంత్రమే మేం తిరిగి వచ్చేశాం. అప్పటికి గండం గడిచింది.

అసలు గండం పెద్దదినానికి, అంటే పెద్దకర్మకు. ముందురోజు రాత్రి ఆడపడుచులు ఆ ఇంట్లో పడుకోవాలి. అత్తమ్మ మోకాళ్ళు నొప్పులంది. మహేందర్‌కు కోపం వచ్చింది. సొంత తమ్ముడి దినానికి అక్క రాకపోతే ఊళ్ళో ఏమనుకుంటారు, కార్లో తీసుకుపోయి కార్లో తీసుకొస్తే మోకాళ్ళకేం పని అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. పోతే ఆడవాళ్ళందరి మధ్య వరసలో పడుకోవాలి. ఆ వరసలో ఆమె చెల్లెలు సత్తెమ్మ ఉంటుంది. సత్తెమ్మది గాజులరామారం. ఆమెకు తెలిసిన సంగతి చుట్టాల్లో అందరికీ తెలిసిన సంగతే, కాస్త పెరిగి కూడా ఉంటుంది. తెలిసిందా, అత్తమ్మ మంచం కొట్టంలోకి పోయినట్టే. కొట్టం ఇప్పుడు లేకపోయినా.

నేను కూర్చుని ఆలోచించాను. మైల ఉన్నన్ని రోజులు ఆ ఇంట్లో పరిచిన పక్కలన్నీ దినం రోజు తెల్లవారుతుండగానే బయట పడేసి, ఒకే కుప్పగా తడిపేస్తారు. మా పెళ్ళయ్యాక ఆ ఇంట్లో జరిగిన రెండు చావులకీ అట్లాగే చేశారు. చాకలి వచ్చి ఎత్తుకుపోయేవాడు. ఏ బొంత ఎవరిదో ఎవరూ చూడరు. మైల బట్ట గనుక చూడాలని కూడా అనుకోరు. లోకంలో పక్క తడిపే మనిషికి అంతకన్నా క్షేమమైన రాత్రి ఇంకోటి ఉండదు.

ఆ మాట అట్లా చెప్పలేను గదా. అన్నం పెడుతూ, మనం బొంత తీసుకపోదాం అత్తమ్మా, పొద్దుగాలే అందరివీ నానేస్తరు, మనది కూడా అండ్లనే పడేస్తే ఆడనే ఉతికి ఇస్తరు, నాకో పని తప్పుతది, అన్నాను. ఆమె ముద్ద కలుపుతూ ఆగింది. ఏదో లెక్క వేసుకుంది. సాయంత్రానికి మోకాళ్ళు నయమయ్యాయి.

పాత చీరలతో ఆమే కుట్టిన మందపాటి బొంత ఒకటి ఉంది. దాని అంచు విప్పి, పొరల మధ్య రబ్బరు షీటు పెట్టి మళ్ళీ కుట్టేశాను. అటు ఇటు మడిచి చూస్తే కొంచెం చప్పుడు చేసింది గాని, చావింట్లో అది ఎవరికి వినిపిస్తుందిలే అనుకున్నాను.

రావల్కోల్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి ముందు టెంటు వేశారు. పెద్ద గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నీలం రంగు స్పాంజి పరుపులు వరసగా పరిచి ఉన్నాయి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క తెల్ల గలేబు మెత్త. అత్తమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. చిన్నాయన కొడుకు సందీప్ ఎదురొచ్చి నా చేతిలో బొంత చూసి నవ్వాడు.

"గిదేందక్కా, బొంత మోసుకొచ్చినవ్? ఈ కాలంల చాకలోళ్ళు ఏడ వస్తున్నరు. మస్తు పరుపులు తెప్పిచ్చిన. పొద్దుగాల టెంట్ హౌసోళ్ళే వచ్చి కొండవోతరు. ఎవరికీ పరేషాన్ లేదు."

వాడి తప్పేం లేదు. చదువుకున్నవాడు, ఆఫీసుకు సెలవు పెట్టి పనులన్నీ ఒక్కడే చూసుకుంటున్నాడు. ఆడవాళ్ళకు బట్టలుతికే పని తప్పిద్దామనుకున్నాడు. నానబెట్టే కుప్పే లేకుండా చేశాడు. పైగా పొద్దున ఆ పరుపుల్ని ఒక్కొక్కటీ చూసుకుని చుట్టుకుపోవడానికి మనిషి వస్తాడు.

సత్తెమ్మ అప్పటికే గోడ వారగా ఒక పరుపు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. దాని మెత్తదనం చూడమని అక్కను చెయ్యి పట్టి లాగి పక్క పరుపు మీద కూర్చోబెట్టింది. అత్తమ్మ దాని అంచున, ఎప్పుడైనా లేచిపోయేట్టు కూర్చుంది. మధ్యాహ్నం నుంచే ఆమె మంచినీళ్ళు ముట్టలేదని నాకు అప్పుడు తట్టింది.

నాకు ఒక ఉపాయం తోచింది. తోచకపోయినా బాగుండేది. ఎవరితోనూ ప్రత్యేకంగా అనకుండా, గదిలోకి వదిలేసినట్టుగా, టెంట్ హౌస్ పరుపులల్ల నల్లులుంటయంటరు, పెండ్లి పెండ్లికి తిరుగుతయి గద, అన్నాను. అనేసి, ఆ వంక మీద బొంత తెచ్చి అత్తమ్మ పరుపు మీద పరిచాను. బాగా కుదిరింది. మరీ బాగా కుదిరింది. క్షణంలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పరుపుల అంచులు ఎత్తి చూడసాగారు. సత్తెమ్మకు అప్పటికప్పుడే వీపు దురద మొదలైంది. లేచి వచ్చి అత్తమ్మ కింది బొంత కొస పట్టుకుంది.

"అక్కా, నీ తోలు గట్టిది. నాకు నల్లి కుడితే బెత్తెడు దద్దు లేస్తది. గిది నాకియ్యి."

అత్తమ్మ నావైపు చూసింది. ఇవ్వనంటే ఎందుకని అడుగుతుంది సత్తెమ్మ. ఎందుకని అడిగించుకోవడం కంటే ఇచ్చేయడం మేలని ఆమె అనుకున్నట్టుంది. లేచి నిలబడింది. సత్తెమ్మ బొంత లాక్కుని తన పరుపు మీద పరుచుకుని పడుకుని, అటు ఇటు కదిలి, గిదేంది సరళా, గీ బొంత కర్ర్ కర్ర్ అంటాంది, అంది. లోపలంతా కొత్త గుడ్డ, గంజి చిన్నత్తమ్మా, అన్నాను. రెండేళ్ళుగా నేను ఇంత పని చేస్తే, చివరికి నేను కుట్టిన రబ్బరు షీటు మీద, ఏ అవసరమూ లేని మనిషి హాయిగా నిద్రపోయింది.

నేను నా పాత చీర నాలుగు మడతలు వేసి అత్తమ్మ కింద పరిచాను. ఆమె పడుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. నిద్ర రాకుండా ఉంటే సరిపోతుందని ఆమె లెక్క. నేను పక్కనే పడుకుని, ఆమె తల వాలినప్పుడల్లా మోచేత్తో పొడుద్దామనుకున్నాను. నాకే ఎప్పుడో నిద్ర పట్టింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ తెల్లబడుతోంది. వాకిట్లో ట్రాలీ ఆటో వెనక్కు వస్తున్న చప్పుడు. ఆడవాళ్ళు లేచి జుట్లు ముడేసుకుంటున్నారు. అత్తమ్మ పరుపు నడుమ కూర్చుని ఉంది, మోకాళ్ళ మీదికి కొంగు కప్పుకుని. ముఖం చూడగానే తెలిసింది. చీర మడతల కింద చెయ్యి పెట్టి చూడాల్సిన పని లేకపోయింది.

నీళ్ళ కోసం చూశాను. చెంబు లేదు. పందిట్లో సీసాలున్నాయి గాని, అవన్నీ అరచేతిలో పట్టే చిన్న సీసాలు. అట్లాంటివి ఎన్ని ఒలికితే అంత తడి అవుతుందో ఎవరైనా అడుగుతారు. టెంట్ హౌస్ బాలమల్లు గదిలోకి వచ్చాడు. తొందరలో ఉన్నాడు. ఇవే పరుపులు శామీర్‌పేటలో ఇంకో ఫంక్షనుకు ఎక్కించాలట. ఒక చివర నుంచి ఒక్కొక్క పరుపూ ఎత్తి, తిరగేసి చూసి, చుట్టి, తాడు కడుతున్నాడు. ఎక్కడో కూర మరక పడిందని సందీప్‌కు చూపించాడు కూడా. అట్లా వరసలో దగ్గరికి వస్తున్నాడు.

సత్తెమ్మ బొంత మడిచేసి నిలబడింది.

"లెవ్వక్కా. నీ పరుపొక్కటే మిగిలేటట్టున్నది."

అత్తమ్మ లేవలేదు. మోకాలు పట్టేసింది అంది. సత్తెమ్మ చెయ్యి పట్టి లేపబోయింది. అత్తమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది. గట్టిగానే. సత్తెమ్మ ముఖంలో మొదట కోపం, ఆ వెంటనే వేరే ఏదో వచ్చింది. ఆమె ముక్కు కొంచెం కదిలింది. చూపు కిందికి, పరుపు మీదికి దిగుతోంది. నేను లేచి వాళ్ళిద్దరికీ మధ్యన నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలియలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి తోచే నాకు ఆ నిమిషం ఏమీ తోచలేదు. భయం కూడా వేయలేదు. అయిపోయింది, అనుకున్నాను, బస్సు వెళ్ళిపోయాక స్టాపులో నిలబడ్డట్టు.

అప్పుడు అండాలు చిన్నమ్మ వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. చేతిలో నిండు బకెట్. నడుస్తుంటే అటూ ఇటూ నీళ్ళు తొణుకుతున్నాయి. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. వరసలో మొదటి పరుపు దగ్గర నిలబడి, అది చుట్టి తాడు కట్టి ఉందని కూడా చూడకుండా, దాని మీద నీళ్ళు కుమ్మరించింది. తర్వాత రెండోదాని మీద. తర్వాత ఇంకా పరిచి ఉన్నవాటి మీద, అలుకు చల్లినట్టు, తీరిగ్గా. సత్తెమ్మ చీర కుచ్చిళ్ళు తడిసి వెనక్కు గెంతింది. ఆమె చేతిలో బొంత కూడా తడిసింది. అత్తమ్మ దగ్గరికి వచ్చేసరికి బకెట్‌లో సగం ఉంది. ఆ సగమూ ఆమె ఒళ్ళో బోర్లించింది.

అత్తమ్మ తలెత్తి చూసింది. అండాలు చూసింది. ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ లేదు.

సందీప్ పరుగెత్తుకొచ్చి బకెట్ పట్టుకున్నాడు, ఏం జేస్తున్నవే అమ్మా అంటూ. బాలమల్లు తల పట్టుకుని, అమ్మా ఇవి ఇంకో తాన ఇయ్యాలె గద అంటున్నాడు. చిన్నమ్మ బకెట్ కొడుక్కి ఇచ్చేసింది.

"మీ నాయిన పోయిన ఇల్లు గిది. గీ ఇంట్ల పరిచిన పక్కలు తడవకుంట గడప దాటుతయా బిడ్డా? మైల గద." బాలమల్లు వైపు తిరిగి అదే గొంతుతో, "ఎండేదాక ఉండు. బువ్వ తిని పోదువు," అంది.

ఇంకో బకెట్ పట్టుకురావడానికి లోపలికి పోయింది.

మొగుడు పోయిన దుఃఖం లోపలే పెట్టుకుంది, ఇప్పుడు మతి తప్పింది పాపం, అని ఆడవాళ్ళు గుసగుసలాడారు. సత్తెమ్మ అందరికంటే ముందు ఆ మాట అంది. ఒకామె ఆ వంకతో ఏడవడం మొదలుపెడితే మిగతావాళ్ళూ అందుకున్నారు. ఆ ఏడుపుల మధ్య అత్తమ్మ నడుము దాకా తడిసిన చీరతో లేచి నిలబడింది. ఎట్లా తడిసిందో అందరూ చూశారు. నా చీర మడతలు నేను తీసి చంకన పెట్టుకున్నాను. అదీ తడిసిందే గదా.

రెండేళ్ళు మంచంలో ఉన్న మనిషికి రోజూ పక్క మార్చిన ఆవిడ. ఆ గదిలోకి వస్తూనే ఆమెకు తెలిసి ఉంటుంది. లేకపోతే నిన్న రాత్రి, అన్నం దగ్గర అత్తమ్మ నీళ్ళు వద్దన్నప్పుడే తెలిసి ఉంటుంది. నేను అడగలేదు.

తర్వాత నాకు బాగా తెలిసిన పని దొరికింది. పరుపుల్ని ఒక్కొక్కటీ వాకిట్లోకి లాగి, నిలువునా నిలబెట్టి, కాళ్ళతో తొక్కి నీళ్ళు దింపి, ప్రహరీ మీద బోర్లా వేశాను. సందీప్ ఫోనులో శామీర్‌పేట వాళ్ళకు ఏదో నచ్చజెబుతున్నాడు. బాలమల్లు మొదట మూతి ముడుచుకుని కూర్చున్నా, ఎండ ఎక్కాక నాతో కలిసి పరుపులు తిరగేశాడు. అక్కా, మీకు గీ పని మంచిగ అలవాటున్నట్టుంది, అన్నాడు. అలవాటే అన్నాను. లోపల కార్యక్రమం నడుస్తోంది. చిన్నమ్మకు చేయాల్సినవన్నీ చేశారు. గాజులు తీసేటప్పుడు అందరూ ఏడ్చారు. ఆమె చేతులు చాపి, అయిపోయాక వెనక్కు తీసుకుంది. కిటికీలోంచి చూశాను. ఆ చేతులు నాకు తెలిసినవి అనిపించింది. సబ్బుకు చర్మం తెల్లబడి, గోళ్ళ దగ్గర చీలిన చేతులు.

భోజనాలయ్యాక నిద్ర సంగతి వచ్చింది. దినం అయినరోజు భర్త పోయిన మనిషిని ఆ ఇంట్లో ఉంచరు, దగ్గరి చుట్టాల ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెట్టి తెస్తారు. దాన్నే నిద్ర అంటారు. సత్తెమ్మ తమ ఇంటికి రమ్మంది. కొత్త ఇల్లు, ఏసీ ఉంది, మెత్తటి పరుపులున్నాయి. నిజానికి పెద్దాడపడుచుగా అడగాల్సింది అత్తమ్మే. కాని పిలిస్తే తన గదిలోనే పడుకోబెట్టాలి, మాకున్నవి రెండు గదులే. చిన్నమ్మ కాసేపు ఇద్దరినీ చూసింది.

"పెద్దొదినె ఇంటికే పోత."

సత్తెమ్మకు కష్టంగానే అనిపించింది గాని, మతి తప్పిన మనిషితో వాదించడం బాగుండదని ఊరుకుంది.

కార్లో బయల్దేరాం. మేడ్చల్ దాటాక మహేందర్ నావైపు వంగి, అండాలు అత్తను ఒంటరిగా వదలకు, పొద్దున చూసినవ్ గదా, అన్నాడు. చూశానన్నాను. వెనక సీట్లో అత్తమ్మ ఒక కిటికీ వైపు, చిన్నమ్మ ఒక కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నడుమ తడి బొంత, కవర్లో కట్టి ఉంది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. చిన్నమ్మ కాళ్ళు కడుక్కుని నేరుగా అత్తమ్మ గదిలోకి వెళ్ళింది. నేను ఆమెకోసం కింద ఒక పరుపు పరిచాను. అత్తమ్మ మంచం మీద పాత దుప్పటి తీసేశాను. ఉతికిన చెద్దరు తెచ్చాను, దాని మడతల్లో ఇంకో రబ్బరు షీటు దాచి. రోజూ అయితే ఆమె బాత్రూముకు పోయిన వేళ చూసి వేస్తాను. ఇప్పుడు ఆమె గదిలోనే, కిటికీ దగ్గర, వీధిలోకి చూస్తున్నట్టు నిలబడి ఉంది. చిన్నమ్మ మంచానికి అవతల ఉంది. చెద్దరు ఎత్తుకుని గుమ్మంలో ఆగిపోయాను.

చిన్నమ్మ వచ్చి నా చేతుల్లోంచి చెద్దరు తీసుకుంది. విప్పింది. రబ్బరు షీటు జారి మంచం మీద పడింది. ఆ చప్పుడుకు అత్తమ్మ భుజాలు బిగుసుకున్నాయి. తల తిప్పలేదు. చిన్నమ్మ షీటును అరచేత్తో చదును చేసి, అటు ఇటు జరిపి చూసి, ఎక్కడ వేయాలో తేలక ఆగింది.

"వదినె, నువ్వు ఏ దిక్కు తిరిగి పండుకుంటవ్?"

కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. కింద వీధిలో ఎవరిదో స్కూటర్ ఆగి, మళ్ళీ కదిలిపోయింది. చిన్నమ్మ షీటు మీద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉంది. ఆమెకు తొందరేమీ లేదు. రావల్కోల్ ఇంట్లో ఇక ఆమె పక్క మార్చాల్సిన మనిషి లేడు.

"తమ్ముడు ఎటు తిరిగి పండుతుండె?" అంది అత్తమ్మ, కిటికీలోకే.

"గోడ దిక్కు. నేను పక్కపొంటి కూసుంటే నా దిక్కు తిరుగుతుండె. అందుకే రెండు దిక్కులా ఏస్తుంటి." కొంచెం ఆగింది. "ఆఖర్ల నన్ను సూస్తే సిగ్గువడుతుండె. గోడ దిక్కే ఉంటుండె. రోజు మార్చేటప్పుడు కండ్లు మూసుకుంటుండె వదినె. నిద్రవోయినట్టు. రెండేండ్లు నేను గూడ నిద్రవోయిండనే అనుకున్నట్టు జేసిన. ఒక్క మాట అనుకోలే మేము దాని గురించి."

చిన్నమ్మ అక్కడ ఆగిపోయింది. ఏడవలేదు. మంచం అంచున కూర్చుండిపోయింది, చెయ్యి ఇంకా రబ్బరు షీటు మీదే ఉంది. పదిమంది పట్టుకుని ఏడిపించినా రానిది ఇప్పుడు వస్తుందేమో అనుకున్నాను. అత్తమ్మ కిటికీ వదిలి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

సరిగ్గా అప్పుడే మహేందర్ మంచినీళ్ళ సీసా పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు, అండాలు అత్తకు రాత్రికి కావాలేమోనని. మంచం మీద షీటు చూశాడు. నన్ను చూశాడు. అండాలు అత్త కోసమా అన్నట్టు కనుబొమ్మలెత్తాడు. అవుననడం నాకు ఎంత తేలిక. మతి తప్పిన మనిషిగా ఆమెకు పొద్దుననే పేరొచ్చింది, దానికి ఇంకొకటి కలిపితే ఆమె కూడా ఏమీ అనుకోదు. నేను తల ఊపబోయాను.

"నాకే," అంది అత్తమ్మ. కొడుకు వైపు చూసే అంది. "రాత్రిళ్ళు ఆగుతలేదు బిడ్డా. రెండేండ్లయితాంది. సరళకు తెలుసు."

మహేందర్ అట్లాగే నిలబడ్డాడు. ఏవో లెక్కలు అతని ముఖంలో ఒకదాని వెనక ఒకటి కదలడం చూశాను. డాబా మీద గుడారాలు, నా జబ్బు, నాలుగు వీడియోలు. సీసా ఎక్కడ పెట్టాలో తెలియక కింద పెట్టాడు, మళ్ళీ తీసి కిటికీలో పెట్టాడు. ఎవరూ అతనికి సాయం చేయలేదు. ఇద్దరు ఆడవాళ్ళూ మంచం మీద పక్కపక్కన కూర్చుని, పరీక్ష పెట్టినట్టు అతన్నే చూస్తున్నారు.

"గిటు దిక్కు పండుకుంట," అంది అత్తమ్మ చివరికి, అండాలుతో, చేత్తో చూపిస్తూ. "కిటికీ దిక్కు."

చిన్నమ్మ లేచి షీటు కిటికీ వైపుకు జరిపింది. చెద్దరు విసిరి పరిచింది. రెండు మూలలు నేను దోపాను, ఒక మూల ఆమె దోపింది. నాలుగోది మిగిలింది. అది మహేందర్ నిలబడ్డ వైపు ఉంది. అతను కాసేపు దాన్ని చూసి, వంగి, పరుపు ఎత్తి, చెద్దరు కొస లోపలికి తోశాడు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను పక్క వేయడం నేను చూడటం అదే మొదలు. మూల ఉండచుట్టుకుపోయింది, సగం బయటికే వేలాడుతోంది.

అత్తమ్మ దాన్ని చూసింది. పక్కల విషయంలో ఆమె ఎట్లాంటి మనిషో చెప్పాను గదా. ఏమీ అనకుండా కాళ్ళు పైకి తీసుకుని, కిటికీ వైపు తిరిగి పడుకుంది.